టస్కనీ పల్లెలో ఏడు రాత్రులు: తొందర లేని ఇటలీ సెలవు ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఇటలీ టూర్ ప్యాకేజీ కాగితం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. రోమ్‌లో రెండు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో ఒకటి, పీసాలో ఒరిగిన గోపురం ముందు ఫోటోకి నలభై నిమిషాలు, వెనిస్‌లో ఒక రాత్రి, మిలాన్ నుంచి తిరుగు విమానం. వారంలో నాలుగుసార్లు సూట్‌కేసులు సర్దడం, నాలుగుసార్లు విప్పడం. ఇంటికొచ్చాక ఏ చర్చి ఏ ఊళ్లో చూశామో ఫోన్‌లో ఫోటోలు తిరగేస్తే తప్ప గుర్తు రాదు.

నేను చెప్పబోయేది దీనికి పూర్తిగా వేరు. ఒకే పల్లె, ఒకే ఇల్లు, ఏడు రాత్రులు. ఒక రోజు దగ్గర్లోని ఏదో ఊరికి వెళ్లి రావడం, మర్నాడు ఇంటిపట్టునే ఉండడం. వినడానికి తేలికే గానీ ఇలాంటి సెలవుకి ముందస్తు పని ఎక్కువ. అక్కడ తీరిగ్గా కూర్చోవాలంటే ఆ పనంతా ఇక్కడే ముగించుకోవాలి. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక సగం సెలవు పార్కింగ్ వెతకడంలో, తెరిచి ఉన్న హోటల్ వెతకడంలో పోగొట్టుకున్నాం. రెండోసారి కుదిరింది. ఆ రెండుసార్ల అనుభవం కలిపి రాస్తున్నాను.

మొదటి పని: పటంలో ఒక లోయ పట్టుకోండి

ఇటలీలో పల్లెలకి కొదవలేదు. నడిమధ్య ఉంబ్రియా ఉంది, దక్షిణాన పూలియా ఉంది, ఉత్తరాన పియెమోంతే ద్రాక్ష కొండలున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి మాత్రం నేను టస్కనీ దక్షిణ భాగంలోని వాల్ దోర్చా, అంటే ఓర్చా నది లోయ, చెబుతాను. అందం ఒక్కటే కారణం కాదు. పియెంజా అనే చిన్న ఊరి దగ్గర ఇల్లు తీసుకుంటే సాన్ కీరికో 10 కిలోమీటర్లు, మోంతెపుల్చానో 14, మోంతాల్చీనో పాతిక లోపే. సియెనా గంట ప్రయాణం. రోమ్, ఫ్లోరెన్స్ మధ్య రైళ్లు ఆగే క్యూసీ స్టేషన్ ముప్పావుగంట. గంట దాటిన చోటికి ఒక్కరోజు ట్రిప్పు పెట్టుకోవద్దు అన్నది మా ఇంట్లో నియమం. ఈ లోయలో ఉంటే ఆ నియమం పాటించినా చూడాల్సినవి మిగిలిపోతాయి.

యునెస్కో 2004లో ఈ లోయని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏదో కోటనో చర్చినో కాదు, ఈ పొలాలూ కొండలూ ఉన్న నేలనే చేర్చింది. 14, 15 శతాబ్దాల్లో సియెనా నగరం ఈ లోయని తన ఏలుబడిలోకి తెచ్చుకున్నాక, మంచి పాలన ఉన్న చోట పల్లె ఎలా ఉండాలో మనసులో ఒక బొమ్మ గీసుకుని తీర్చిదిద్దిన నేల ఇది. ఈ మాట గుర్తుంచుకోండి. సియెనా వెళ్లినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఏ నెలలో వెళ్లాలి

ఫోటోల్లో కనిపించే ఆ పచ్చటి గోధుమ చేల గుట్టలు ఏడాది పొడుగునా ఉండవు. ఏప్రిల్ రెండో సగం, మే నెల. మేలో చేలగట్ల మీద ఎర్రటి గసగసాల పూలు కూడా విరగబూస్తాయి. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి కాబట్టి మనకి ఇది కలిసొచ్చే విషయం. జూన్ చివరికి కోతలు మొదలై చేలన్నీ బంగారు రంగు తిరుగుతాయి, ఆ తర్వాత గుండ్రటి గడ్డి చుట్టలు మిగులుతాయి. అదీ బాగుంటుంది. జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, నేల ఎండిపోయి కనిపిస్తుంది. పైగా ఆగస్టు 15 వాళ్లకి ఫెర్రాగోస్తో అనే పెద్ద పండగ. దేశం మొత్తం సెలవు పెట్టి రోడ్డెక్కుతుంది. ఎండ చూడ్డానికి అంత దూరం పోవడమెందుకు, ఆ పని నిజామాబాద్‌లోనే అవుతుంది.

దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లకి ద్రాక్ష కోతలు కనిపిస్తాయి. ఆలివ్ కాయలు దులిపేది అక్టోబర్ చివర్లో, నవంబర్‌లో. చలికాలంలో చాలా ఇళ్లు మూసేస్తారు.

ఇల్లు వెతకడం

మీరు వెతకాల్సిన మాట అగ్రిటూరిజ్మో. మన ఫామ్ స్టే లాంటిదే గానీ, ఇటలీలో దీనికి 1985 నుంచి చట్టం ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 2006లో వచ్చిన చట్టం. నిజంగా సేద్యం చేసే రైతు మాత్రమే ఈ పేరు పెట్టుకోవచ్చు, అతిథుల గదులు సేద్యానికి తోడుగా ఉండాలే తప్ప అదే అసలు వ్యాపారం కాకూడదు. అందుకే మీరుండే ఇంటి వెనక ఆలివ్ చెట్లో, ద్రాక్ష తీగలో, గొర్రెల మందో ఉంటుంది. ఇంటివాళ్లు పొద్దున్నే ట్రాక్టర్ మీద వెళ్తూ చెయ్యి ఊపుతారు.

హోటల్ గది లాంటిది కాకుండా వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. మే నెలలో నలుగురికి సరిపోయేది రాత్రికి సుమారు 100 నుంచి 180 యూరోల మధ్య దొరుకుతుంది. ఎండాకాలం మధ్యలో చాలామంది శనివారం నుంచి శనివారం దాకా వారం మొత్తానికే ఇస్తారు, ఒకటి రెండు రాత్రులకి ఇవ్వరు. మనకి కావలసింది వారమే కాబట్టి ఇబ్బంది లేదు.

డబ్బు కట్టేముందు ఇంటివాళ్లకి మెయిల్ రాసి కొన్ని సంగతులు అడగండి. ఇంటికి వచ్చే దారిలో మట్టిరోడ్డు ఎన్ని కిలోమీటర్లు? (ఆ తెల్ల కంకర రోడ్లని స్త్రాదే బియాంకే అంటారు. రెండు కిలోమీటర్లయితే సరదా, ఏడయితే నడుం పట్టేస్తుంది.) ఏసీ ఉందా? పాత రాతిగోడల ఇళ్లలో చాలావాటికి ఉండదు, మేలో అవసరమూ రాదు. ఏప్రిల్‌లో వెళ్తే హీటింగ్ ఛార్జీ విడిగా వేస్తారా అన్నది అడగాలి, ఎందుకంటే చాలాచోట్ల వాడినంతకీ లెక్కగట్టి తీసుకుంటారు. ఈత కొలను ఏ తేదీన తెరుస్తారు? పిల్లలకి కొలను ఆశ చూపించి తీసుకెళ్లాక దానిమీద పట్టా కప్పి ఉంటే ఆ గొడవ మీరు పడలేరు. వాషింగ్ మెషిన్ గదిలోనా, అందరికీ కలిపి ఒకటా?

2025 నుంచి ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ చిన్ అని పిలిచే జాతీయ గుర్తింపు నంబరు ఉండాలి. ప్రకటనలో ఆ నంబరు కనిపించకపోతే వదిలెయ్యండి. వెళ్లాక ఇంటివాళ్లు మీ పాస్‌పోర్టులు అడుగుతారు. కంగారు పడొద్దు, అతిథుల వివరాలు పోలీసులకి ఆన్‌లైన్‌లో పంపడం వాళ్ల బాధ్యత. మనిషికి రాత్రికి ఇంత అని టూరిస్ట్ పన్ను కూడా ఉంటుంది, అది తరచు నగదుగానే తీసుకుంటారు.

వీసా, కారు

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇటలీకి కావాల్సింది షెంగెన్ వీసా, అంటే చాలా ఐరోపా దేశాలకి కలిపి చెల్లే ఒకే వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అపాయింట్‌మెంట్లు వేసవికి ముందు త్వరగా అయిపోతాయి కాబట్టి ఫిబ్రవరిలోనే చూసుకోండి. ఒకే ఇంట్లో ఏడు రాత్రుల బుకింగ్ కాబట్టి ప్రయాణ ప్రణాళిక కాగితం ఒక్క పేజీలో అయిపోతుంది. అమెరికాలో గ్రీన్ కార్డుతో ఉన్న మనవాళ్లు భారతీయ పాస్‌పోర్టే వాడుతుంటే వాళ్లకీ ఈ వీసా కావాలి. ఈ సంగతి టికెట్లు కొన్నాక తెలుసుకున్నవాళ్లున్నారు.

కారు విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఈ లోయలో కారు లేకపోతే కష్టం. బస్సులున్నాయి గానీ బడి పిల్లల వేళలకి నడుస్తాయి, ఆదివారం దాదాపు ఉండవు. కారు నడపని వాళ్లు సియెనా ఊళ్లోనే ఉండి అక్కణ్నుంచి బస్సుల్లో తిరగడం మేలు.

మన లైసెన్స్ ఒక్కటీ చాలదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. పరివాహన్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టి ఆర్టీవో ఆఫీసులో తీసుకోవచ్చు, ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది. పర్మిట్‌తో పాటు అసలు లైసెన్స్ కూడా దగ్గరుండాలి. కారు బుక్ చేసేటప్పుడు మూడు సంగతులు చూడండి. గేర్లు లేని కారు కావాలంటే ముందే ప్రత్యేకంగా అడగాలి, అక్కడ గేర్ల కార్లే ఎక్కువ. డిపాజిట్‌కి డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డు చూపిస్తే కౌంటర్ దగ్గర నెత్తీ నోరూ బాదుకోవాల్సి వస్తుంది. ఇక, చిన్న కారు తీసుకోండి. కొండ ఊళ్ల సందులు ఎద్దుబండ్లకి కట్టినవి, పెద్ద ఎస్‌యూవీకి కాదు.

అక్కడ కుడివైపు నడపాలి. మొదటి గంట మీరు ఇండికేటర్ అనుకుని వైపర్లు వేస్తారు, అందరూ వేస్తారు. గుండ్రటి కూడళ్లలో లోపల తిరుగుతున్న వాళ్లకి దారివ్వాలి, అంటే ఎడమవైపు చూసి దూరాలి. హైవేల మీద గంటకి 130, మామూలు పల్లె రోడ్ల మీద 90, ఊళ్లలో 50. టోల్ రోడ్డు ఎక్కేటప్పుడు టికెట్ తీసుకుని దిగేటప్పుడు డబ్బు కట్టాలి. అక్కడ పసుపు బోర్డు ఉన్న వరస టెలీపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) వాళ్లది, అందులోకి వెళ్లొద్దు. తెల్ల బోర్డు వరసలో నగదు తీసుకుంటారు, నీలం బోర్డు వరస కార్డులకి. పెట్రోలు బంకులో 'సెల్ఫ్' అని రాసి ఉన్నచోట మనమే పట్టుకుంటే ధర తక్కువ. బెంజీనా అంటే పెట్రోలు, గసోలియో అంటే డీజిల్. గ్యాస్ అన్నట్టు వినిపిస్తుంది గానీ అది డీజిలే, జాగ్రత్త.

అన్నిటికంటే ముఖ్యం జెడ్‌టీఎల్. పాత ఊళ్ల నడిబొడ్డున బయటి కార్లు రాకూడని ప్రాంతం అది. తెల్ల బోర్డు మీద ఎర్ర వలయం, పక్కనే కెమెరా. వెలిగే అక్షరాల్లో 'వార్కో అత్తీవో' అని ఉంటే దారి తెరిచి ఉందని కాదు, నిషేధం అమల్లో ఉందని. మేం మొదటిసారి ఒక ఊళ్లో జీపీఎస్ చెప్పింది కదా అని నేరుగా పోయాం. ఎవరూ ఆపలేదు, విజిల్ వేయలేదు. నెలలు గడిచాక హైదరాబాద్ ఇంటికి ఉత్తరం వచ్చింది. దానికి ముందే కారు అద్దెకిచ్చినవాళ్లు మా వివరాలు అందజేసినందుకు వాళ్ల ఛార్జీ వాళ్లు లాగేశారు. అప్పటినుంచీ మా పద్ధతి ఒకటే: ఊరి గోడ కనబడగానే బయటే బండి ఆపి నడవడం. పార్కింగ్‌లో తెల్ల గీతలుంటే ఉచితం, నీలం గీతలకి డబ్బు కట్టాలి, పసుపు గీతలు అక్కడివాళ్లకి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఆవకాయ సంగతికి వద్దాం. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటినుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా వద్దు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా వద్దు. తాజా ఆకులకీ చాలా పళ్లకీ మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు, ఊరగాయ (మాంసం లేనిది) పట్టుకెళ్లండి. నెయ్యి బదులు అక్కడ వెన్న కొని కాచుకుంటే పది నిమిషాల్లో కమ్మటి నెయ్యి తయారు. మా అత్తయ్యగారు మొదటి సాయంత్రమే ఆ పని పూర్తిచేశారు.

బియ్యం మోసుకెళ్లక్కర్లేదు. సూపర్ మార్కెట్లలో బాస్మతి ఉంటుంది. అర్బోరియో అనే రిసోత్తో బియ్యం వండితే ముద్దముద్దగా అవుతుంది, పప్పన్నానికి పనికిరాదు. కానీ దద్దోజనానికి అంతకంటే మంచి బియ్యం నేను చూడలేదు. పెరుగు కొనేటప్పుడు డబ్బా వెనక 'జుక్కెరో' అనే మాట ఉందేమో చూడండి. ఉంటే పంచదార కలిపారన్నమాట.

మన మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడ పట్టవు, అడాప్టర్ కావాలి. వోల్టేజ్ మాత్రం మనదే. ఇంకో చిక్కు ఉంది. ఇటలీ ఇళ్లలో కరెంటు కనెక్షన్ మామూలుగా 3 కిలోవాట్లే. ఓవెన్, వాషింగ్ మెషిన్, ఎలక్ట్రిక్ కెటిల్ ఒకేసారి వేస్తే టప్పున అంతా ఆరిపోతుంది. మీటరు ఎక్కడుందో మొదటి రోజే అడిగి ఉంచుకోండి, రాత్రి పదింటికి టార్చి పట్టుకుని తోటంతా వెతకనవసరం లేకుండా.

భాష

పల్లెల్లో ఇంగ్లీషు తక్కువ. అయినా తెలుగువాళ్లకి ఇటాలియన్ పలకడం చాలా తేలిక. వాళ్ల మాటలు కూడా చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. వాళ్ల త, ద మన త, ద లే. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి. పియెంజా అని రాస్తున్నాను గానీ ఊరివాళ్లు ఆ చివర పలికేది 'చలి', 'చాప'ల్లో మనం పలికే చ. ఒత్తుల దగ్గర మాత్రం జాగ్రత్త. కాసా అంటే ఇల్లు, కాస్సా అంటే డబ్బు కట్టే కౌంటర్. కపెల్లో అంటే వెంట్రుక, కప్పెల్లో అంటే టోపీ. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ తడబడతారు, మనకి ద్విత్వాలు ఉగ్గుపాలతో వచ్చినవే.

దుకాణంలోకి అడుగుపెట్టగానే 'బువోన్ జోర్నో' అనడం మర్యాద. ఏమీ అనకుండా సరుకులు ముట్టుకుంటే మొహం చిట్లిస్తారు.

మొదటి రోజు

గల్ఫ్ మీదుగా రోమ్ చేరే విమానాలు చాలా ఉన్నాయి. ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి పియెంజా వైపు రెండున్నర గంటల ప్రయాణం. మధ్యాహ్నంలోపు దిగితేనే అదే రోజు బయల్దేరండి. సాయంత్రం దిగితే ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరే పడుకుని పొద్దున వెళ్లండి. నిద్రలేని కళ్లతో, అలవాటు లేని వైపు, చీకట్లో కొండ రోడ్డు ఎవరికీ మంచిది కాదు.

దారిలో క్యూసీ దగ్గర పెద్ద సూపర్ మార్కెట్‌లో పాలు, బియ్యం, కూరగాయలు, వెన్న కొనుక్కుని వెళ్లండి. పల్లెల్లో చిన్న కొట్లు మధ్యాహ్నం ఒంటిగంటకి మూసి మూడున్నరకో నాలుగింటికో తెరుస్తారు, ఆదివారం మధ్యాహ్నం అసలు తెరవరు. ఇంటివాళ్లని అడిగి జీపీఎస్ పాయింట్ ముందే తెప్పించుకోండి. వట్టి చిరునామా కొడితే ఎవరి పశువుల కొట్టం ముందుకో తీసుకెళ్తుంది.

ఇంటిపట్టున ఉండే రోజు

మనవాళ్లకి కష్టమైన రోజు ఇదే. "ఇంత డబ్బు పెట్టి వచ్చి ఊరికే కూర్చోవడమేంటి" అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మా ఇంట్లో ఆ మాట అన్నది నేనే.

కాబట్టి చిన్న పనులు పెట్టుకోండి. పొద్దున చల్లగా ఉండగా చేలగట్ల వెంట గంట నడక. ఎనిమిదింటికి దగ్గర ఊరి బార్‌కి వెళ్లి కాఫీ. బార్ అంటే అక్కడ కాఫీ కొట్టు. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఎస్ప్రెస్సో యూరో పైన కొద్దిగా, బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది. ఊరి పెద్దలు అక్కడే పేపరు చదువుతూ వాదులాడుకుంటుంటారు, మన రచ్చబండ లాగే. తర్వాత ఇంటివాళ్లని ఆలివ్ నూనె రుచి చూపించమనండి. మంచి నూనె గొంతులో కొద్దిగా మంట పుట్టిస్తుంది, అది లోపం కాదు. మధ్యాహ్నం వంట, నిద్ర, కొలను. సాయంత్రం ఆరున్నర నుంచి వెలుతురు పక్కవాటుగా పడి గుట్టల మడతలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఫోటోలు అప్పుడు తీసుకోండి. మేలో ఎనిమిదిన్నర దాకా పొద్దు గూకదు.

వెళ్లి వచ్చే ఊళ్లు

*పియెంజా.* ఇంటికి దగ్గరిదే కాబట్టి సగం రోజు చాలు. కోర్సిన్యానో అనే ఈ కుగ్రామంలో 1405లో పుట్టిన ఒకాయన పెద్దయ్యాక పోప్ రెండో పయస్ అయ్యాడు. అయ్యాక చేసిన మొదటి పనుల్లో ఒకటి సొంతూరిని ఆదర్శ నగరంగా మార్చడం. 1459లో బెర్నార్దో రొసెల్లీనో అనే శిల్పిని పెట్టి కట్టించి ఊరికి తన పేరే పెట్టుకున్నాడు. పదవి రాగానే సొంతూరికి రోడ్డేయించుకునే నాయకులు మనకి కొత్త కాదు, ఈయన ఏకంగా ఊరే వేయించుకున్నాడు. కింద బంకమట్టి నేల కావడంతో చర్చి వెనక భాగం నెమ్మదిగా కుంగుతూనే ఉంది. లోపలికెళ్లి చూస్తే నేల వాలు కాళ్లకి తెలుస్తుంది. గోడ వెంట 'ప్రేమ వీధి', 'ముద్దు వీధి' అనే సందులున్నాయి, అక్కణ్నుంచి లోయంతా కనిపిస్తుంది. గొర్రెపాల పెకోరీనో చీజ్‌కి ఈ ఊరు పెట్టింది పేరు. మెత్తటిది, పాతబడి గట్టిపడింది రెండూ రుచి చూసి కొనండి.

*వేడినీళ్ల ఊళ్లు.* లోయకి దక్షిణాన కనిపించే పెద్ద కొండ అమ్యాతా, 1,738 మీటర్ల ఎత్తు, చల్లారిన అగ్నిపర్వతం. దాని వేడి వల్లే చుట్టుపక్కల ఉడుకునీటి ఊటలు. బాన్యో విన్యోనీలో ఊరి నడుమ కూడలి ఉండాల్సిన చోట కోనేరు ఉంటుంది. నిజంగానే మన గుడి కోనేరు చూసినట్టే ఉంటుంది. అందులో దిగనివ్వరు గానీ కిందివైపు పాత పిండిమరల దగ్గర పారే కాలువలో కాళ్లు పెట్టుకోవచ్చు. దిగి కూర్చోవాలంటే బాన్యీ సాన్ ఫిలిప్పో వెళ్లండి. అడవిలో తెల్లటి సున్నపు గుట్టల మీదుగా వేడినీళ్లు జారుతుంటాయి, ప్రవేశానికి డబ్బు లేదు. పాత ఈత బట్టలు, జారని చెప్పులు తీసుకెళ్లండి. గంధకం నీళ్లు కాబట్టి వెండి పట్టీలు, మెట్టెలు తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి. నల్లబడిపోతాయి. ఎవరూ చెప్పని సంగతి ఇది, మాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

*మోంతెపుల్చానో.* కింద బండి ఆపి పైదాకా ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి చిన్న బస్సు ఉంది. ముందు వాళ్లని బస్సులో పైకి పంపి, అందరూ కలిసి దిగుతూ ఊరు చూడడం మంచి ఉపాయం. వైన్ తాగని వాళ్లు కూడా నేల కింద కొండ తొలిచిన వైన్ గిడ్డంగుల్లోకి ఒకసారి దిగి చూడండి, ఎండపూట చల్లగా ఉంటుంది. ఊరి కింద సాన్ బియాజో చర్చి పొలాల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది, దాన్ని వదలొద్దు.

*సియెనా.* దీనికి రోజంతా కావాలి. పొద్దున తొమ్మిదికల్లా చేరండి. సాంతా కతెరీనా పార్కింగ్‌లో బండి పెడితే అక్కణ్నుంచి ఎస్కలేటర్లు ఊళ్లోకి ఎక్కిస్తాయి. కాంపో కూడలి చేటలా వాలుగా ఉంటుంది. ఇటుకల నేలని తొమ్మిది భాగాలు చేశారు, 1287 నుంచి 1355 దాకా ఊరిని ఏలిన 'తొమ్మిదిమంది' సభకి గుర్తుగా. అదే కూడలిలో ఉన్న పురపాలక భవనంలో టికెట్ కొని మేడ మీదికి వెళ్లండి. అంబ్రోజో లొరెంజెత్తి 1338–39లో వేసిన గోడబొమ్మలు ఉంటాయి. మంచి పాలన ఉన్న ఊరు ఒక గోడ మీద, చెడ్డ పాలనలో పాడుపడ్డ ఊరు ఎదుటి గోడ మీద. మంచి పాలన బొమ్మలో ఊరి గోడ దాటాక పల్లె మొదలవుతుంది: గుట్టలు, కోతలు కోసే కూలీలు, గాడిదల మీద బస్తాలు. రెండు రోజులు మన పెరట్లోంచి చూసిన దృశ్యమే అది. నేను మొదట చెప్పిన బొమ్మ ఇదే. అందుకే సియెనాని వారం మధ్యలో పెట్టుకోమంటాను. మొదటిరోజే వెళ్తే ఆ గుట్టలు ఇంకా మనకి పరిచయం కాలేదు కదా.

పెద్ద చర్చిని ఇంకా పెద్దది చేద్దామని మొదలుపెట్టాక 1348లో మహమ్మారి వచ్చి ఊరు కుప్పకూలింది, పని ఆగిపోయింది. ఆ మొండిగోడ ఇప్పటికీ అలాగే ఉంది, ఎక్కి చూడవచ్చు. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. చున్నీ ఒకటి సంచిలో ఉంచుకోండి. జులై 2, ఆగస్టు 16 తేదీల్లో గుర్రప్పందేలు. అవి చూడ్డానికే వెళ్తే తప్ప ఆ రోజుల్లో అటు పోవద్దు. బుధవారం పొద్దున పెద్ద సంత ఉంటుంది.

*ఓర్వియేతో.* మా గంట నియమానికి ఇదొక్కటే మినహాయింపు, ఎందుకంటే సగం దూరం రైల్లో. క్యూసీ స్టేషన్లో కారు వదిలి రైలెక్కితే అరగంట. దిగగానే స్టేషన్ ఎదుట ఫునికులార్, అంటే తాడు లాగితే కొండెక్కే చిన్న రైలు. కాగితం టికెట్ అయితే రైలెక్కేముందు ప్లాట్‌ఫామ్ మీద మెషిన్లో ముద్ర వేయించాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా. పైన 50 మీటర్లకి పైగా లోతున్న బావి ఉంది. 1527లో రోమ్ దోపిడీ నుంచి తప్పించుకుని వచ్చిన పోప్ ఏడో క్లెమెంట్ తవ్వించాడు. దిగే మెట్లు వేరు, ఎక్కే మెట్లు వేరు, రెండూ పాముల్లా మెలికపడి ఒకదానికొకటి తగలకుండా తిరుగుతాయి. నీళ్లు మోసే గాడిదలు ఎదురెదురు పడకుండా ఆ ఏర్పాటు. 248 మెట్లు, పిల్లలు లెక్కపెడతారు.

ఫ్లోరెన్స్‌ని ఈ వారంలో ఇరికించొద్దు. వెళ్లాలనుకుంటే చివర్లో రెండు రాత్రులు అక్కడే ఉండండి. ఉఫీజి మ్యూజియం సోమవారం మూసి ఉంటుందన్నది చూసుకోండి.

బయట తినడం

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో వంటిల్లు మూస్తారు. మూడింటికి ఆకలేస్తే దొరికేది బార్‌లో శాండ్‌విచ్చే. బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి రెండు మూడు యూరోలు వేస్తారు. అది బల్ల, రొట్టె ఛార్జీ, మోసం కాదు.

ఈ ప్రాంతపు పాస్తా పేరు పీచి. చేగోడీలకి పిండిని తాడులా చేసినట్టు చేత్తో సాగదీస్తారు. సాధారణంగా పిండీ నీళ్లే, గుడ్డు వాడేచోట్లు కూడా ఉన్నాయి కాబట్టి అడగండి: 'సెన్సా ఉవోవా?' టమాటా, పెద్ద వెల్లుల్లితో చేసే 'పీచి అల్ల్యోనే' శాకాహారులకి కళ్లు మూసుకుని చెప్పవచ్చు. 'రగూ' అన్నా 'చింగ్యాలే' అన్నా మాంసం, రెండోది అడవిపంది. సూపుల్లో మాంసం నీళ్లు ఉండవచ్చు, 'సెన్సా కార్నే, సెన్సా బ్రోదో' అని చెప్పండి. పట్టింపు ఉన్నవాళ్లకి ఇంకో మాట: పార్మిజానో, పెకోరీనో చీజ్‌ల్లో పాలు విరగడానికి వాడేది మామూలుగా దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసిన పదార్థం. ఇది తెలిశాక తినాలో వద్దో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. మర్చిపోయారని వెయిటర్‌ని పిలవకండి. పక్కన పెట్టే చీజ్, కూరలు ఉప్పగా ఉంటాయి కాబట్టి సరిపోతుంది. కారం కావాలంటే 'ఒల్యో పిక్కాంతే' అడిగితే మిరప నూనె తెస్తారు. రెండు చుక్కలు వేసుకుంటారేమోనని చూస్తుంటారు, మా మావయ్యగారు సీసా వంచేసరికి వంటాయన బయటికొచ్చి చూశాడు.

తిరుగు ప్రయాణం

ఇల్లు వదిలే ముందు చెత్త వేరుచేసి ఏ డబ్బాలో వేయాలో అందులో వేయండి: కాగితం, ప్లాస్టిక్, గాజు, తడి చెత్త విడివిడిగా. ఆలివ్ నూనె ఇంటివాళ్ల దగ్గరే కొనండి, గాజు సీసా కాకుండా రేకు డబ్బాలో అడగండి. చీజ్ కొన్నచోటే 'సొత్తోవూవోతో' అంటే గాలి తీసి ప్యాక్ చేసి ఇస్తారు. రెండూ చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. పెట్రోలు విమానాశ్రయం గేటు దాకా ఆగకుండా హైవే దిగకముందే నింపేయండి. కారు అప్పజెప్పేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి, ముఖ్యంగా చక్రాల అంచులు. ఆ కంకర రోడ్ల గుర్తులు అక్కడే మిగిలి ఉంటాయి.